చెయ్యెత్తిన రాత్రి తర్వాత: మళ్లీ మళ్లీ చేసే పాపాన్ని విశ్వాసి ఎదుర్కొనే దారి

డిసెంబర్ 31 రాత్రి పన్నెండు కొట్టడానికి పది నిమిషాల ముందు మా చర్చిలో సగం లైట్లు ఆర్పేస్తారు. కీబోర్డు మెల్లగా మోగుతుంటుంది. "ఈ రాత్రి దేన్నైనా విడిచిపెట్టి వెళ్లాలనుకునేవాళ్లు చెయ్యెత్తండి" అంటారు పాస్టరుగారు. ఎత్తుతాం. కొంతమంది ఏడుస్తారు. నేనూ ఏడ్చాను. సంక్రాంతి నాటికి మళ్లీ మామూలే. ఒకే సంగతి మీద వరసగా తొమ్మిదేళ్లు చెయ్యెత్తినవాణ్ని నేను. ఇది రాయడానికి నాకున్న అర్హత అంతే.

మాది టంగుటూరు, కొండపి మధ్య ఒక పల్లె. పొగాకు రైతును, ఆదివారం సండే స్కూలు చెబుతాను. పొగాకు పండించేవాడు పాపం గురించి రాయడమేంటని నవ్వుకునేవాళ్లు ఉంటారు. ఆ చర్చ మా సంఘంలోనూ ఉంది, దాని సంగతి ఇంకోసారి. ఇది బాప్తిస్మం తీసుకుని, ఆదివారం తప్పకుండా గుడికి వెళ్తూ, లోపల ఒక పాపాన్ని వదిలించుకోలేక అలిసిపోయినవాళ్ల కోసం.

మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సిన సంగతి

"ఇన్నిసార్లు పడుతున్నానంటే అసలు నేను రక్షణ పొందానా?" అందరినీ పీడించే ప్రశ్న ఇదే. మొదటి యోహాను పత్రికలో రెండు మాటలు పక్కపక్కన పెడితే కళ్లు తిరుగుతాయి. మొదటి అధ్యాయం ఎనిమిదో వచనంలో, పాపం లేనివాళ్లమని చెప్పుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నామని ఉంది. మూడో అధ్యాయం తొమ్మిదో వచనంలో, దేవుని మూలంగా పుట్టినవాడు పాపం చేయడని ఉంది. గ్రీకులో ఆ క్రియ ఆగకుండా సాగుతున్న పనిని చెబుతుంది. అంటే పాపంలోనే హాయిగా కొనసాగడం గురించిన మాట అది. జారిపడడం వేరు, అక్కడే కాపురం పెట్టడం వేరు.

రోమా ఏడో అధ్యాయంలో పౌలు "నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అంటాడు. అది ఆయన మారకముందు సంగతా, మారిన తర్వాత సంగతా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పడినవాడికి ఆ వాదనతో పెద్దగా పని లేదు. తర్వాతి అధ్యాయం మొదటి వచనం, క్రీస్తు యేసులో ఉన్నవాళ్లకు శిక్షావిధి లేదన్న మాట, చదివి అక్కడ నిలబడితే చాలు. బిడ్డగా ఉండి పోరాడుతున్నారు, బిడ్డ అవడానికి కాదు. ఇది తేలకుండా కింద చెప్పేవి చేస్తే మొక్కులు తీర్చుకున్నట్టు ఉంటుంది. పడినప్పుడల్లా మళ్లీ బాప్తిస్మం తీసుకునేవాళ్లను కూడా చూశాను. ఒకాయన మూడుసార్లు మునిగాడు. మూడోసారికి నీళ్లలో దిగేటప్పుడు ఆయన ముఖంలో ఆశ లేదు.

ఇంకో రకం మనుషులూ ఉన్నారు. పడినందుకు వాళ్లకు దిగులే ఉండదు, "అందరం పాపులమే కదా బ్రదర్" అని తేల్చేస్తారు. వాళ్లకు నేను శిక్షావిధి లేదన్న వచనం చూపించను, తెలిసీ కావాలని పాపం చేస్తూ పోయేవాళ్లకు భయంకరమైన తీర్పు మిగులుతుందన్న హెబ్రీ పదో అధ్యాయం చదవమంటాను.

1. పాపానికి దాని పేరు పెట్టండి

మన ప్రార్థనల్లో "నా బలహీనతలు క్షమించు ప్రభువా" అనే మాట తరచూ వస్తుంది. వినడానికి బాగుంటుంది, దేన్నీ తాకదు. సంతకు వెళ్లి "ఏదో ఒకటి ఇవ్వండి" అన్నట్టుంటుంది.

నా సంగతి చెబుతాను. నాకు తాగుడు లేదు, పేకాట లేదు. సంఘంలో మంచివాడినన్న పేరుంది. కానీ తమ్ముడితో తొమ్మిదేళ్లు మాటల్లేవు. నాన్న పోయాక పొలం పంచుకున్నాం, బోరు మాత్రం ఉమ్మడిగా ఉంచుకున్నాం. ఒక ఎండాకాలం నీళ్ల వంతు దగ్గర మాటామాటా పెరిగింది. నా ప్రార్థనల్లో దాన్ని "కుటుంబ సమస్య" అనేవాణ్ని. పగ అనే మాట నోటికి రాలేదు.

మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల. చిన్న చిన్న గ్లాసులు పెట్టిన స్టీలు పళ్లెం వరసలో చేతులు మారుతూ వస్తుంది. ఒకసారి నా పక్కనున్న పెద్దాయన ఊరెళ్లాడు, ఖాళీ అయిన ఆ చోట తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. వాడూ చూసుకోలేదు. పళ్లెం వాడి చేతికి నేను ఇవ్వాలి. ఇచ్చాను, వాడివైపు చూడకుండా. గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. వణికింది నా చెయ్యో వాడి చెయ్యో ఇప్పటికీ తెలియదు. ద్రాక్షరసం తాగాను. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఆ సాయంత్రం పొగాకు లెక్కల పుస్తకంలో వెనక పేజీలో రాసుకున్నాను: "నేను తమ్ముడు చెడిపోవాలని కోరుకుంటున్నాను." దానికి ఒక్క వాక్యం సరిపోయింది. రాసిన పేజీని చూడలేక పుస్తకం మూసేశాను.

మీరూ ఒక్క వాక్యం రాయండి. "మొబైల్‌లో టైమ్ వేస్ట్ చేస్తున్నాను" అని కాదు, "రాత్రి బూతు వీడియోలు చూస్తున్నాను" అని. "డబ్బు విషయంలో జాగ్రత్త లేదు" అని కాదు, "భార్యకు తెలియకుండా క్రికెట్ బెట్టింగులో 40 వేలు పోగొట్టాను" అని. రాశాక కాగితం చింపేసినా పర్వాలేదు.

మా ప్రాంతంలో మొదటి తరం విశ్వాసులకు ఈ పద్ధతి తెలుసు. ఆ తరంలో మొదటివాళ్లలో ఒకరైన తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య కాలంలో, అంటే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చిన కొత్తల్లో, చేరేవాళ్లతో పెద్ద సిద్ధాంతాలు చెప్పించలేదు. విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పనికి వెళ్లకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు. మూడే మాటలు. పాటించారో లేదో పల్లెలో ఎవరికైనా కనిపిస్తుంది. ఆ మూడు మాటలు నిలబెట్టుకోవడానికి వాళ్లు ఊరి పెత్తందార్ల చేత దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు.

2. ఒక వారం దాని వెంట నడవండి

మానేయాలని ఆత్రపడకుండా ఒక వారం గమనించండి. ఎప్పుడు వస్తుంది, ఎక్కడ వస్తుంది, దానికి గంట ముందు ఏం జరిగింది. యాకోబు "తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులుకొల్పబడినవాడై" అని రాశాడు. ఈడ్చుకుపోవడానికి ఒక దారి కావాలి, ఆ దారి ఎక్కడ మొదలవుతుందో చూడాలి.

చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే కుర్రాడు ఒకడు నా దగ్గరికి వచ్చేవాడు. ఫోన్ అలవాటు. "అన్నా, ఎప్పుడంటే అప్పుడే వస్తాది, చెప్పలేను" అన్నాడు. వారం రాయమన్నాను. రాసుకొచ్చాడు. నైట్ షిఫ్ట్ దిగి రూముకొచ్చిన రోజులు, జీతం పడిన శనివారం, ఇంటికి ఫోన్ చేసి అమ్మతో పెళ్లి సంబంధం గురించి గొడవపడిన రాత్రి. వారంలో ఏడు రోజులూ కాదు, నాలుగే రోజులు. ఆ నాలుగింటిలో మూడుసార్లు వాడు అన్నం తినలేదు. వాడికే ఆశ్చర్యం వేసింది. ఏదో దయ్యంలాంటిది మీదపడుతోందని అనుకున్నవాడికి టైమ్‌టేబుల్ కనిపించింది.

నాకైతే బ్యారన్ (పొగాకు కాల్చే కొట్టం) రాత్రులు. ఆకు కాల్చేటప్పుడు రాత్రంతా మంట చూసుకుంటూ కూర్చోవాలి. చేతికి పని తక్కువ, మనసుకు ఖాళీ ఎక్కువ. అవతలి చేలో తమ్ముడి బ్యారన్ లైటు కనిపించేది. వాడి ఆకు ఎంత రేటు పలుకుతుందో లెక్కలు వేసుకుంటూ కూర్చునేవాణ్ని.

ఆకలి, అలసట, ఒంటరితనం, చేతిలో డబ్బు, అవమానం. ఈ ఐదింటిలో ఏది మీ దారో చూసుకోండి.

3. దేవుని దగ్గర ఆ రోజే ఒప్పుకోండి

దీని మీద ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" అనే వచనం మన పిల్లలు కూడా అప్పజెబుతారు. ఒక్కటే చెబుతాను: ఆదివారం దాకా ఆగకండి, శుక్రవారం ఉపవాస ప్రార్థన దాకా ఆగకండి. రెండు రోజులు కాస్త మంచిగా ఉండి, మొహం బాగుచేసుకుని దేవుని దగ్గరికి వెళ్దామనిపిస్తుంది. ఆ రెండు రోజుల్లోనే మళ్లీ పడతారు.

ఏడుపు రాకపోతే కంగారు పడొద్దు. దైవచిత్తానుసారమైన దుఃఖం, లోకసంబంధమైన దుఃఖం అని పౌలు రెండు చెప్పాడు. పేతురు ఏడ్చాడు, యూదా కూడా కుమిలిపోయి 30 వెండి నాణేలు తిరిగి పారేశాడు. ఒకడు యేసు ఉన్న చోటికి పోయాడు, ఒకడు ఒంటరిగా పోయాడు. నాకు అర్థమైన తేడా అదొక్కటే. "ఇంకోసారి చేస్తే నన్ను చంపేయి ప్రభువా" లాంటి ఒట్లు మాత్రం పెట్టుకోవద్దు. ఒట్టు తప్పిన భయం కూడా పాపం నెత్తిన కూర్చుంటుంది.

4. ఒక మనిషికి చెప్పండి

అసలు కష్టం ఇక్కడ ఉంది. దేవుడికి చెప్పుకోవడం మనకు అలవాటే, ఆయన ఎదురు మాట్లాడడు, ఊళ్లో చెప్పడు. యాకోబు ఐదో అధ్యాయంలో మాత్రం "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని ఉంది. ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వాళ్లకు గురువుగారి దగ్గర పాపసంకీర్తనం ఉంది. బాప్టిస్టులకు, పెంతెకొస్తు వాళ్లకు, బ్రదరన్ వాళ్లకు అటువంటి ఏర్పాటు లేదు. ఏర్పాటు లేదు కాబట్టి వచనమే లేనట్టు బతుకుతున్నాం.

ఎవరికి చెప్పాలి? మగవాళ్లు మగవాళ్లకు, ఆడవాళ్లు ఆడవాళ్లకు. మీకంటే వయసులో పెద్దవాళ్లైతే మంచిది, బంధువు కాకపోతే ఇంకా మంచిది. ఒక పరీక్ష చెబుతాను. ఆ మనిషి ఇతరుల సంగతులు మీ దగ్గర చెప్పాడా? చెప్పి ఉంటే, మీ సంగతి కూడా ఇంకొకరి దగ్గర చెబుతాడు. "ప్రార్థన చేయడానికి చెబుతున్నా అక్కా" అని మొదలయ్యే కబుర్లు మన స్త్రీల సమాజంలో ఎన్ని ఉన్నాయో, మగవాళ్ల టీకొట్టు దగ్గరా అన్నే ఉన్నాయి. పాస్టరుగారికే చెప్పాలని నియమమేమీ లేదు. నిజానికి ఆయన దాన్ని పేరు చెప్పకుండా వాక్యంలో వాడేసుకుంటే అందరికీ తెలిసిపోతుంది. మంచి కాపరులు అలా చేయరు. చేసేవాళ్లూ ఉన్నారు.

సాక్ష్యాల సమయంలో మైకు పట్టుకుని చెప్పొద్దు. జయం వచ్చిన సంగతి చెప్పుకోవచ్చు. ఇంకా నడుస్తున్న సంగతి మైకులో చెబితే మీ భార్యకో, మీ పిల్లకు చూస్తున్న సంబంధానికో దెబ్బ తగులుతుంది.

నేను చెప్పింది మా సంఘంలో ఒక రిటైర్డ్ మాస్టారికి. ఆయన ఇంటి వెనక, బాదం చెట్టు కింద నవారు మంచం. మూడుసార్లు వెళ్లి పొగాకు రేట్ల గురించి మాట్లాడి తిరిగొచ్చాను. నాలుగోసారి ఆయనే అడిగారు.

"ఏందబ్బాయ్, రేట్ల కోసం ఇంత దూరం వస్తన్నావా?"

"మాస్టారూ, నా తమ్ముడి బ్యారన్ తగలబడింది కదా పోయినేడు."

"ఆ."

"సంతోషపడ్డా మాస్టారూ. లోపల సంతోషపడ్డా."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మంచం పట్టీ ఒకటి వదులైంది, దాన్ని బిగించుకుంటూ కూర్చున్నారు. తర్వాత అన్నారు: "ఊరంతా నీళ్ల బిందెలు పట్టుకుని పరిగెత్తింది. నువ్వు గట్టు మీద నిలబడ్డావు. నేను చూశా. ఎప్పుడు చెబుతావా అని ఎదురుచూస్తన్నా."

ఆయన తిట్టలేదు, పర్వాలేదనీ అనలేదు. "వచ్చే బుధవారం రా" అన్నారు. ప్రతి బుధవారం ఒకే ప్రశ్న: "ఈ వారం ఎట్టా ఉంది?" చెప్పించుకునే మనిషికి ఇంతకంటే ఎక్కువ తెలివి అక్కర్లేదని నా నమ్మకం. రోజు చెప్పి రమ్మనాలి, వచ్చాక అడగాలి, విన్నది దాచాలి.

భర్తకో భార్యకో చెప్పాలా? డబ్బు పోయినా, జబ్బు అంటుకునే ప్రమాదం ఉన్నా, వాళ్ల జీవితం ముడిపడి ఉన్నా చెప్పి తీరాలి. అయితే మొదటి మనిషిగా కాదు, రెండో మనిషిగా. పెద్దమనిషి ఒకరు తోడుగా ఉన్నప్పుడు, పిల్లలు ఇంట్లో లేనప్పుడు. మీ గుండె బరువు దింపుకోవడానికి వాళ్ల నెత్తిన పడేసి నిద్రపోవడం ఒప్పుకోలు అనిపించుకోదు.

5. దారి మూసేయండి

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లను మనవాళ్లు మర్చిపోతున్నారు. 1990ల మొదట్లో వాళ్లు మొగుళ్లకు నీతులు చెప్పి ఊరుకోలేదు, వెళ్లి సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్లలో విశ్వాసులెవరో నాకు తెలియదు, ఈ ఉదాహరణకు ఆ లెక్క అక్కర్లేదు కూడా. కొట్టు తెరిచి ఉండగా మనసు మార్చుకోమని మగవాణ్ని బతిమాలడం దండగని వాళ్లకు తెలుసు. "శరీరేచ్ఛలను నెరవేర్చుకొనుటకు శరీరము విషయమై ఆలోచన చేసికొనకుడి" అని రోమా 13లో ఉన్నదీ అదే: ముందుగా ఏర్పాట్లు చేసిపెట్టుకోవద్దని.

రెండో అడుగులో రాసుకున్న కాగితం తీయండి. ప్రతి సందర్భానికీ ఒక తలుపు మూయాలి, అదీ మీరు బలంగా ఉన్న పూట మూయాలి, ఎందుకంటే బలహీనంగా ఉన్న పూట మూయలేరు. చీమకుర్తి కుర్రాడు షిఫ్ట్ దిగి రూముకు పోకుండా ముందు మెస్సుకు పోయి అన్నం తినడం మొదలుపెట్టాడు. ఫోన్ ఛార్జింగ్ పక్క రూములో పెట్టాడు. అలారం కోసం 250 రూపాయల గడియారం కొన్నాడు. మూడు నెలలు బటన్ ఫోనే వాడాడు, రూమ్‌మేట్లు ఎగతాళి చేశారు.

బెట్టింగ్ ఉన్నవాళ్లు యాప్ తీసేస్తే సరిపోదు, రెండు నిమిషాల్లో మళ్లీ వేసుకోవచ్చు. డబ్బు చేతిలో లేకుండా చేసుకోవాలి. జీతం పడే అకౌంట్‌కు యూపీఐ తీసేసి, ఏటీఎం కార్డు భార్యకో అమ్మకో ఇవ్వండి. ఐపీఎల్ జరిగే రెండు నెలలూ మ్యాచ్ చూసే గుంపుకు దూరంగా ఉండండి. క్రికెట్ చూడడం పాపం కాదు కదా అని అడుగుతారు. కాదు. మీకు మాత్రం ఇప్పుడు కుదరదు. తాగేవాళ్లకు పొగాకు వేలం డబ్బు పడిన రోజే గండం. ఆ రోజు వేలం ప్లాట్‌ఫాం నుంచి ఒంటరిగా రావద్దు, బావమరిదినో కొడుకునో వెంటబెట్టుకుని వెళ్లండి. ఏ దారిన వైన్ షాపు ఉందో ఆ దారి మానేసి నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరగండి.

మూసిన తలుపు పక్కన ఇంకోటి తెరవాలి. ఖాళీ చేసి ఊడ్చిన ఇంట్లోకి ఏడు దయ్యాలు వచ్చిన సంగతి యేసు చెప్పిందే. నేను బ్యారన్ రాత్రుల్లో సండే స్కూలు పాఠం రాసుకోవడం మొదలుపెట్టాను. అక్షరాలు కోడిగీతల్లా ఉండేవి, అయినా రేట్ల లెక్కలు తగ్గాయి.

6. ఒంటికి సంబంధించింది డాక్టరుకు చూపించండి

దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు కూటంలో చెయ్యెత్తి, ఆ రాత్రి నుంచే ఒక్కసారిగా మానేస్తే ప్రాణాపాయం ఉంది. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు, నిద్ర ఉండదు. ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది, లేని పురుగులు, మనుషులు కనిపిస్తారు. మన పల్లెల్లో అప్పుడు "దయ్యం బయటికొస్తోంది" అని చుట్టూ చేరి ప్రార్థన చేస్తారు. ప్రార్థన చేయండి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తూ చేయండి. డాక్టర్లు మానేసినప్పుడు వచ్చే ఈ బాధలు తగ్గడానికి మందులు, బి1 విటమిన్ ఇస్తారు, కొద్ది రోజుల్లో ఒళ్లు నిలబడుతుంది. మత్తు అలవాట్లకు 14446, మనసు బాగాలేకపోతే టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

అలాగే కొన్నిటిని మనం పాపమనుకుంటాం, అవి జబ్బులు. రోజంతా చెడ్డ ఆలోచన ఒకటే తిరుగుతూ, అదంటే మనిషికే అసహ్యంగా ఉండి, వందసార్లు క్షమాపణ అడిగినా శాంతి లేకపోతే అది మానసిక వైద్యుడు చూడాల్సింది. ఆ మనిషికి ఇంకో ఉపవాసం చెప్పడం అన్యాయం.

7. తీసుకున్నది తిరిగి ఇవ్వండి

పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసు పిలిస్తే చెట్టు దిగి చేసిన మొదటి పని లెక్క చెప్పడం. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు ఇస్తానన్నాడు. లేవీయకాండం ఆరో అధ్యాయంలో అడిగింది అసలు, దాని మీద ఐదో వంతు. ఆయన దొంగిలించిన గొర్రెకు చెల్లించే లెక్క తన మీద వేసుకున్నాడు.

మన దగ్గర బేలు మధ్యలో నాసిరకం ఆకు పెట్టి పైన మంచి ఆకు పేర్చడం కొత్త కాదు. నేనూ ఒక ఏడాది రెండు బేళ్లలో పెట్టాను. కొన్నది ఏ కంపెనీయో, ఎక్కడికి పోయిందో తిరిగి పట్టుకోవడం కుదరని పని. మాస్టారిని అడిగితే, "తెలిసినవాళ్లకు ఇచ్చెయ్, తెలియని దాన్ని లేనివాళ్లకు ఇచ్చెయ్, ఈ ఏడాది గ్రేడింగ్‌లో నీ భార్యను పక్కన కూర్చోబెట్టుకో" అన్నారు. మూడోది ఎక్కువ కష్టంగా ఉంది.

తిరిగి ఇవ్వలేనివి ఉంటాయి. పాడు చేసిన పేరు, కొట్టిన దెబ్బ. అక్కడ క్షమాపణ అడగాలి, అవతలివాళ్లు క్షమించి తీరాలని పట్టుపట్టకూడదు. "నేను ఒప్పుకున్నాను, ఇంక నువ్వు వచనం ప్రకారం క్షమించాలి" అని భార్య మీద బైబిలు ప్రయోగించే మొగుళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఒక హద్దు ఉంది. పిల్లల మీద అఘాయిత్యం, ఇంట్లో కొట్టడం లాంటివి సంఘంలో ప్రార్థనతో సర్దేసే సంగతులు కావు. పిల్లల మీద జరిగింది తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరం. దెబ్బలు తింటున్న ఆడవాళ్లకు 181 ఫోన్ నంబరు ఉంది. చేసినవాడు నిజంగా మారుమనస్సు పొందితే స్టేషనుకు తానే నడిచి వెళ్తాడు.

8. మళ్లీ పడితే

పడతారు. నేను పడ్డాను. ఆ రోజు చేయాల్సింది ముందే అనుకుని ఉంచుకోండి. దేవునికి చెప్పండి, మీ మనిషికి ఫోన్ చేయండి, తెరుచుకున్న తలుపు ఏదో చూసి మూయండి, ఆదివారం గుడికి వెళ్లండి. వరస కూడా ఇదే. "నీతిమంతుడు ఏడుమారులు పడినను తిరిగి లేచును" అని సామెతల్లో ఉంది. ఏడుసార్లు పడ్డవాణ్ని ఆ వచనం నీతిమంతుడనే పిలిచింది.

ప్రభు బల్ల తీసుకోవాలా వద్దా? తన్ను తాను పరీక్షించుకుని, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అన్నాడు పౌలు. పరీక్షించుకుని మానేయమనలేదు. పాపం మీద పోరాడుతున్నవాడు తీసుకోవాలి, అది వాడికే కావాలి. పాపాన్ని వదలడం ఇష్టం లేనివాడు ఆగాలి. నా విషయంలో మాస్టారు ఇంకోటి చెప్పారు: సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి ఐదో అధ్యాయంలో ఉంది కాబట్టి, పళ్లెం దాటేయడం పరిష్కారం కాదు, గట్టు దాటు అని.

కొలత ఎలా? ఎన్ని రోజులు పడలేదన్న లెక్క ఒక్కటే పెట్టుకుంటే, 60వ రోజు పడినప్పుడు 59 రోజులూ సున్నా అయిపోయినట్టుంటుంది. పడ్డాక చెప్పడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. మొదట్లో నాకు తొమ్మిదేళ్లు పట్టింది, తర్వాత నెల, తర్వాత బుధవారం దాకా, ఇప్పుడు అదే రోజు.

తొందరపడి వేడి పెంచొద్దు. బ్యారన్ తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆకు ముందు సన్నని వేడి మీద పసుపు కట్టాలి, తర్వాత ఆకు ఆరాలి, చివర 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఈనె ఎండాలి. కొన్ని రోజులు పడుతుంది. మొదటి రోజే మంట పెంచితే ఆకు మాడుతుంది. ఈనె ఎండకముందే దించితే, పైకి బంగారంలా ఉన్న ఆకు బేలులో బూజు పడుతుంది. పాపం బయటపడిన వారమే 21 రోజుల ఉపవాసం, తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థన, టీవీ అమ్మేయడం అన్నీ పెట్టుకున్నవాళ్లు ఎక్కువ కాలం నిలబడగా నేను చూడలేదు. 1854 జనవరి 1 తెల్లారుజామున మిషనరీలైన జ్యువెట్ దంపతులు, వాళ్లతో ఉన్న మన తెలుగు విశ్వాసులు ఒంగోలుకు ఒక మిషనరీ కావాలని ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశారు. ఒంగోలుకు మిషనరీ వచ్చింది 12 ఏళ్లకు. జనవరి 1న కొండెక్కే మనం జనవరి 2కే ఫలితం అడుగుతాం.

9. సంఘ పెద్దలకు ఒక మాట

మత్తయి 18లో వరస స్పష్టంగా ఉంది: ముందు ఒంటరిగా, వినకపోతే ఇద్దరు ముగ్గురితో, ఆ తర్వాతే సంఘం ముందు. మనం చివరి మెట్టు నుంచి మొదలుపెడతాం. గలతీ ఆరో అధ్యాయంలో, చిక్కుకున్నవాణ్ని "సాత్వికమైన మనస్సుతో" మంచిదారికి తీసుకురమ్మని ఉంది, తానూ శోధింపబడతానేమో అని చూసుకుంటూ.

ఒక సంఘంలో కాలేజీ చదివే పిల్లను ఒక ప్రేమ సంగతి మీద అందరి ముందు నిలబెట్టడం చూశాను. నిలబెట్టిన పెద్దల్లో ఒకరు నూటికి ఐదు రూపాయల వడ్డీకి తిప్పేవారు. ఇంకొకరు బేరాల్లో కులం పేరు పెట్టి తిట్టేవారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ పిల్ల మళ్లీ గుడికి రాలేదు. మన దగ్గర క్రమశిక్షణ వయసు చూసి, ఆడ మగ చూసి పడుతోంది. మళ్లీ మళ్లీ చేసే పాపాల జాబితాలో వడ్డీనీ కులగర్వాన్నీ రాయని సంఘం ఆ జాబితాను పిల్లల చేతికి ఇవ్వకూడదు.

1877, 1878 కరువులో క్లౌ 15 నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు పనిగా తాను తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువ దగ్గర కూలి కోసం, తిండి కోసం వస్తున్నారేమోనని ఆగాడు. పని అయిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనిషి మనసు తేలడానికి టైమ్ ఇవ్వడం ఈ నేల మీద ఒకప్పుడు తెలిసిన పనే. పడినవాడి విషయంలోనూ ఆ ఓపిక చూపించొచ్చు.

గట్టు దాటిన రోజు

నా సంగతి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి ఆపుతాను. మాస్టారు గట్టు దాటమన్న తర్వాత రెండు నెలలు దాటలేదు. ఒక పొద్దున తమ్ముడు బ్యారన్‌కు కొత్త రేకులు వేయిస్తున్నాడు. వెళ్లాను. ఏం మాట్లాడాలో ముందే అనుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు. "నీ బ్యారన్ కాలినప్పుడు నేను రాలేదురా, తప్పైంది" అన్నాను. వాడు రేకు వైపే చూస్తూ, "వచ్చుంటే బాగుండేదన్నా" అన్నాడు. అంతే. మరదలు టీ తెచ్చింది, చక్కెర ఎక్కువైంది, తాగాను.

ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం. పూర్వంలా కాదు. ఎండాకాలం బోరులో నీళ్లు తగ్గినప్పుడు ఆ పాత కోపం కడుపులో కదులుతుంది. అప్పుడు నీళ్ల వంతు వాడికి ఒక గంట ముందే వదిలేసి, చేలోంచే మాస్టారికి ఫోన్ చేస్తాను. ఆయనకు ఈమధ్య వినబడడం తగ్గింది, గట్టిగా చెప్పాల్సి వస్తోంది. పక్క చేలో తమ్ముడికి కూడా వినిపిస్తూ ఉండొచ్చు.